సంతకం అడగలేనివాడి సేద్యం

కృష్ణా జిల్లా దివిసీమలో మా నాన్న పేరున రెండెకరాల ముప్పై సెంట్ల మాగాణి ఉంది. మా ఇంట్లోవాళ్ళం ఆ చేలో దిగి సేద్యం చేసి చాలా ఏళ్ళయింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను, నాన్నకి మోకాళ్ళ నొప్పులు. పొలం కౌలుకి ఇచ్చాం. అయినా సర్కారు లెక్కలో రైతులం మేమే. పీఎం కిసాన్ కింద ఏటా మూడు విడతల్లో వచ్చే 6,000 రూపాయలు 2019 నుంచి నాన్న ఖాతాలోనే పడుతున్నాయి. రాష్ట్రం ఇచ్చే సాయం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది గానీ, అదీ ఆ ఖాతాకే వస్తుంది. పట్టాదారు పాస్‌బుక్ మాది కాబట్టి పంట రుణం మాకే ఇస్తారు. ఎప్పుడైనా మాఫీ చేస్తే అదీ మాకే. చేలో నీళ్ళు పెట్టి, మందు కొట్టి, తుపాను వార్త వస్తే నిద్ర మానుకునే మనిషికి దక్కేది మాకు కొలిచాక మిగిలిన ధాన్యం.

ఇది మా ఒక్క ఇంటి సంగతైతే రాసేవాణ్ణి కాదు. 2018-19 వ్యవసాయ సంవత్సరం మీద జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సాగు కమతాల్లో 42.4 శాతం కౌలు భూమి ఉన్నవే. దేశం మొత్తానికి చూస్తే ఆ లెక్క 17.3 శాతం. తెలంగాణలో రైతు స్వరాజ్య వేదిక 2022లో ఊళ్ళు తిరిగి చేసిన సర్వేలో రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులని తేలింది. అంటే మన రెండు రాష్ట్రాల్లో గ్రామీణాభివృద్ధి గురించి, రైతు భద్రత గురించి ఏం మాట్లాడినా, కౌలుదారుని పక్కన పెడితే సగం ఊరిని పక్కన పెట్టినట్టే. మనం చేస్తున్నది అదే. పథకాలు తక్కువై కాదు. ఉన్న పథకాలన్నిటినీ తీసుకెళ్ళి పట్టాదారు పాస్‌బుక్‌కి కట్టేశాం. పంటకి జరగాల్సిన సాయం పట్టాకి జరుగుతోంది.

ముందు చేలో లెక్క చూద్దాం. మా వైపు సార్వాకి, అంటే ఖరీఫ్ వరికి, ఎకరానికి మక్తా (ఆసామికి కొలిచే కౌలు ధాన్యం) పదిహేను బస్తాలు నడుస్తోంది. బస్తా అంటే 75 కిలోలు. కాలువ చివరి పొలాలకి రెండు మూడు బస్తాలు తగ్గుతుంది, నీళ్ళకి ఢోకా లేనిచోట పెరుగుతుంది. ఏడాది కలిసొస్తే ఎకరానికి ముప్పై బస్తాలు పండుతాయి. 2024 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,300 రూపాయలు, అంటే బస్తా 1,725. ముప్పై బస్తాలకి 51,750. అందులో సగం, అంటే 25,875, మాకు వచ్చేస్తుంది. మిగిలిన సగంలోంచే నారుమడి, దమ్ముకి ట్రాక్టరు, నాట్ల కూలీ, యూరియా, డీఏపీ, కలుపు తీత, రెండు మూడు దఫాల మందు, కోత, నూర్పిడి, బస్తాలు రోడ్డెక్కించే ఖర్చు అన్నీ రావాలి. ఎంత పొదుపుగా చేసినా ఎకరానికి పాతిక వేలకి తగ్గదు. చేతిలో మిగిలేది 875 రూపాయలు.

ఇంకా వడ్డీ తియ్యలేదు. ఆ పాతిక వేలు ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకి 3,000 అవుతుంది. అదే పాతిక వేలు మా నాన్న పాస్‌బుక్ పెట్టి పంట రుణంగా తెచ్చి గడువులోపల కడితే వడ్డీ ఏడాదికి 4 శాతం, అంటే ఆరు నెలలకి 500. ఒకే చేను, ఒకే పంట, పెట్టుబడి కూడా అంతే. పాస్‌బుక్ ఉన్న మనిషికీ లేని మనిషికీ ఒక్క వడ్డీలోనే ఎకరానికి 2,500 తేడా. అతనికి మిగిలిన 875 ఆ తేడాలో ఎప్పుడో కొట్టుకుపోయింది.

ఇంకో చోద్యం కూడా మా వైపు చూస్తాం. పాస్‌బుక్ మీద తక్కువ వడ్డీకి పంట రుణం తెచ్చుకుని, ఆ డబ్బునే తన పొలం చేసే కౌలుదారుకి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే ఆసాములున్నారు. ఆ డబ్బు పంటకే వెళ్ళింది కదా అని బ్యాంకు సంతోషిస్తుంది. నిజమే, కాస్త చుట్టు తిరిగి వెళ్ళింది.

మరి నష్టమని తెలిసి కౌలుదారు ఎందుకు చేస్తాడు? మినుము కోసం. మా వైపు మక్తా వరికే. తర్వాత వేసే అపరాలు చేసినవాడివి. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు తడి ఆరని చేలో మినుములు చల్లేస్తారు. కోత అయ్యేసరికి మొలక మోడుల మధ్య నిలబడి ఉంటుంది. దున్నే పని లేదు, నీళ్ళు పెట్టే పని లేదు, నేలలో ఉన్న తేమా పైన పడే మంచూ చాలు. కోత మిషన్ వస్తే చక్రాల కింద మొలక నలిగిపోతుందని, కూలి ఎక్కువైనా మనుషుల్ని పెట్టి కోయించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మినుము దక్కితే పిల్లల ఫీజులు, పాత బాకీలో కొంత, సంక్రాంతికి బట్టలు గడుస్తాయి. తెల్లదోమ వచ్చి పల్లాకు తెగులు పట్టిందా, చేనంతా పసుపు తిరుగుతుంది, ఇక ఆ ఏడాది అంతే. గడ్డి ఎటూ అతనిదే కాబట్టి ఇంట్లో ఒక గేదె ఉంటుంది. ఇంటిల్లిపాదీ చేసే పనికి ఎవరూ కూలి కట్టరు. ఇవన్నీ కలిపితే ఏడాది గడుస్తుంది, ఏమీ తేడా రాకపోతే.

తేడా వస్తే ఏమవుతుందో 2023 డిసెంబరు 5న చూశాం. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా చేలో వరి అప్పటికే కోసి పనలు పరిచి ఉంది. చల్లిన మినుములు అప్పుడే మొలకెత్తుతున్నాయి. మా పొలం చేసే అతను వీడియో కాల్‌లో చూపిస్తే చూశాను. పనల మీద మోకాటి లోతు నీళ్ళు, గట్టు ఏదో చేను ఏదో తెలియడం లేదు. అతనూ భార్యా ఒక్కొక్క పనా ఎత్తి, నీళ్ళు ఓడ్చి, గట్టు మీదకి మోస్తున్నారు. నీళ్ళు తీశాక వెన్నులకే మొలకలొచ్చాయి. ధాన్యం కొనేచోట తేమ 17 శాతం దాటకూడదు, రంగు మారకూడదు. ఆ ధాన్యాన్ని ఏ ధరకి ఎవరికి అమ్మాడో అడగడానికి నాకే మనసు రాలేదు.

ఆ ఏడు నాన్న మక్తాలో ఐదు బస్తాలు వదిలేశాడు. ఊళ్ళో దాన్ని మంచితనం అన్నారు. వదలాలన్న కట్టుబాటేమీ లేదు కాబట్టి అది మంచితనమే. పంట నష్టపరిహారం జాబితా గ్రామ సచివాలయంలో అంటించినప్పుడు అందులో ఉన్నది నాన్న పేరు. ఏ చేలో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదు ఆయన పేరుతోనే జరిగింది, వేలిముద్ర వేసిందీ ఆయనే. నాటింది ఏ రకం వరో సిబ్బంది అడిగితే నాన్న కౌలుదారుకి ఫోన్ చేసి కనుక్కుని చెప్పాడు. పడిన డబ్బు తీసి అతనికి ఇచ్చేశాడు. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. ఇవ్వకపోతే ఎక్కడికి వెళ్ళి అడగాలి, ఏ కాగితం చూపించి అడగాలి?

ఇక్కడికి వచ్చేసరికి చాలామంది అంటారు, దీనికి చట్టం ఉంది కదా అని. ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. కౌలుదారుకి పదకొండు నెలలు చెల్లే ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డుతో పంట రుణం, బీమా, పరిహారం, ఇన్‌పుట్ సబ్సిడీ వస్తాయన్నారు. భూమి హక్కుకి ఢోకా లేదని చట్టంలోనే రాశారు. ఒక్కటే షరతు, భూయజమాని సంతకం పెట్టాలి.

ఆ ఫారం మా అరుగు మీదకి వచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. వ్యవసాయ సహాయకుడు వెంట ఉన్నాడు. మా పొలం చేసే అతను మెట్ల కింద నిలబడి, ఫారం ఇంకా చేతికి ఇవ్వకముందే, "బాబాయ్ గారూ, మీకిష్టమైతేనే పెట్టండి. లేకపోతే వద్దులెండి, పర్లేదు" అన్నాడు. నాన్న కళ్ళజోడు తెప్పించుకుని చదివాడు. రెండోసారి చదివాడు. మడిచి వెనక్కి ఇచ్చేశాడు. "నీ మీద అనుమానం కాదురా. ఇవాళ పదకొండు నెలలంటున్నారు, రేపు ఇంకో ప్రభుత్వమొచ్చి పదకొండేళ్ళంటే నేనెవరికి చెప్పుకోను?" అతను సరే బాబాయ్ గారూ అనేసి వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఎత్తడు కూడా. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి పోతుందని అతనికి తెలుసు. ఆ సంగతి నాన్నకీ తెలుసు. ఫారం పట్టుకొచ్చిన కుర్రాడికి ఇంకా బాగా తెలుసు.

నాకు ఆ చట్టం మీద ఉన్న అభ్యంతరమంతా అక్కడే ఉంది. ఊళ్ళో అందరికంటే అడిగే ధైర్యం తక్కువున్న మనిషికి, అందరికంటే ఇవ్వడానికి ఇష్టం లేని మనిషి దగ్గర సంతకం అడిగి తెచ్చుకోమని చెప్పారు. పైగా సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారుకి అప్పట్లో ప్రకటించిన రైతు భరోసా సాయం అందాలన్నా ఆ కార్డే ఆధారం. సంతకం రాకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే అతను రైతే కాదు.

నాన్న భయాన్ని నేను కొట్టిపారెయ్యను. ఆయనతో ఈ విషయం మీద చాలాసార్లు వాదించాను. ప్రతిసారీ ఆయన దగ్గర ఒక పాత కథ ఉంటుంది. 1956 ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలుకి కనీసం ఆరేళ్ళ గడువు పెట్టింది, పొలం అమ్మాలంటే ముందు కౌలుదారునే అడగాలంది. తెలంగాణలో 1950 నాటి చట్టం రక్షిత కౌలుదారులకి ఏకంగా యాజమాన్య హక్కే తెచ్చిపెట్టింది. అవి న్యాయమైన చట్టాలని నేను నమ్ముతాను. వేల ఎకరాల దేశముఖుల కాలంలో, ఇనాందార్ల కాలంలో అంతకంటే తక్కువ చేస్తే అన్యాయమే అయ్యేది. కానీ వాటి వల్ల పుట్టిన జాగ్రత్త మాత్రం చట్టాల కంటే ఎక్కువ కాలం బతికింది. కాగితం మీద కౌలు రాయకూడదు, ఒకే మనిషికి ఎక్కువ ఏళ్ళు ఇవ్వకూడదు, శిస్తు అతని చేత కట్టించకూడదు. ఇవి మా తాత నోట విన్న మాటలు. నాన్న వాటిని ఇప్పటికీ పాటిస్తున్నాడు. రెండెకరాల ముప్పై సెంట్ల ఆసామి, దేశముఖుకి పెట్టిన చట్టం చూసి భయపడుతున్నాడు. ఈ మధ్యలో ఊరు పూర్తిగా మారిపోయింది. ఒకప్పుడు మా ఊళ్ళో కౌలుకి చేసేవాళ్ళలో చాలామంది ఆసాముల కులంవాళ్ళే. వాళ్ళ పిల్లలు గుంటూరు, హైదరాబాద్, డాలస్ చేరారు. పట్టాలు అక్కడే ఉన్నాయి, సేద్యం మాత్రం బీసీల, ఎస్సీల చేతికి వచ్చింది. పొలం వల్ల వచ్చే రాబడి కంటే పొలం ధర పెరగడమే ఆసాములకి ముఖ్యమైపోయింది. అందుకే హక్కు మీద మచ్చ పడుతుందేమోనన్న భయం, మక్తా తగ్గుతుందేమోనన్న బెంగ కంటే పెద్దది.

సంతకం అక్కర్లేని కార్డు కూడా మనం చూశాం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. ఊళ్ళో విచారించి కౌలుదారులకి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. మా ఊళ్ళో చాలామంది తీసుకున్నారు. తీసుకుని బ్యాంకుకి వెళితే, "ఈ సర్వే నంబరు మీద ఆల్రెడీ లోన్ ఉంది, డబుల్ ఫైనాన్స్ అవుతుంది" అన్నారు. బ్యాంకు ఆఫీసరుది తప్పనలేను. పాస్‌బుక్ పెట్టి ఆసామి ముందే పంట రుణం ఎత్తేశాడు. ఆసామి పంట వెయ్యడని బ్యాంకుకి తెలుసు, అయినా అతనికే ఇస్తుంది, ఎందుకంటే భూమి ఎటూ పోదు. పంట రుణం అని పేరు పెట్టుకున్నామే గానీ, మనం ఇస్తున్నది భూమి మీద అప్పు. 2008 నాటి కేంద్ర మాఫీ నుంచి 2024లో తెలంగాణ చేసిన రెండు లక్షల మాఫీ దాకా, ఆ డబ్బంతా ఆ దారిలోనే వెళ్ళింది.

తెలంగాణ సంగతి ఇంకా తిన్నగా ఉంది, అంటే ఇంకా కఠినంగా ఉంది. 2018 మే 10న హుజూరాబాద్‌లో పంట పెట్టుబడికి నగదు ఇచ్చే రైతుబంధు మొదలుపెట్టినప్పుడే కౌలుదారులకి ఇవ్వబోమని ప్రభుత్వం దాపరికం లేకుండా చెప్పింది. సీజన్‌కి ఎకరానికి 4,000, తర్వాత 5,000, ఎన్ని ఎకరాలున్నా సరే. అదే ఏడు ఆగస్టులో తెచ్చిన ఐదు లక్షల రైతుబీమా కూడా పట్టాదారుకే. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక, ఊరి భూముల లెక్క రాసే పహాణీలోంచి అనుభవదారు కాలమే పోయింది. అంతకు ముందు కనీసం ఎవరు దున్నుతున్నారో రాసుకోవడానికి ఒక గడి ఉండేది. 2025 జనవరి 26న మొదలైన కొత్త పథకాల్లో ఎకరానికి ఏడాదికి 12,000 పట్టాదారుకి, భూమి లేని ఉపాధి హామీ కూలీ కుటుంబానికి 12,000 ఇచ్చారు. కౌలుదారు రెండు గళ్ళ మధ్యన పడ్డాడు. అర ఎకరం సొంత భూమి ఉండి నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు కూలీ కాదు, ఆ నాలుగెకరాలకి రైతూ కాదు. రైతు ఆత్మహత్యల కుటుంబాలను కలిసి తెలంగాణలో చేసిన అధ్యయనాల్లో చనిపోయినవాళ్ళలో అత్యధికులు కౌలుదారులని తేలడం వెనక ఉన్నది ఇదే. వాళ్ళలో సొంత పట్టా లేనివాళ్ళ ఇళ్ళకి రైతుబీమా రాదు. పరిహారం కావాలంటే అతను రైతేనని రుజువు చెయ్యాలి.

మరి ఎవరు సాగు చేస్తున్నారో తెలియక ఇదంతా జరుగుతోందా? మా ఊళ్ళో ఎరువుల కొట్టు ఆయన్ని అడగండి, ఏ గట్టు వెనక ఎవరు చేస్తున్నారో చూడకుండా చెప్తాడు. లాకుల దగ్గర కాలువ నీళ్ళు చూసుకునే లస్కరు చెప్తాడు. ట్రాక్టరు నడిపే కుర్రాడు అదనంగా ఎవరి బాకీ ఎంతో కూడా చెప్తాడు. తెలియనిది రికార్డుకి ఒక్కదానికే.

ఇక్కడే నాకు డ్వాక్రా సంఘాలు గుర్తొస్తాయి. మా పొలం చేసే అతని పెట్టుబడి ఎక్కణ్ణుంచి వస్తుందో ఒకసారి విడమరిచి అడిగాను. కొంత ఊళ్ళో వడ్డీకి, కొంత ఎరువుల కొట్లో అరువు. అన్నిటికంటే పెద్ద మొత్తం ఆయన భార్య సంఘంలో తీసుకున్న అప్పు. గ్రూపు రికార్డులో అది గేదె కోసమో చీరల వ్యాపారం కోసమో అని ఉంటుంది, చేరేది మాత్రం యూరియా బస్తాకే. మగవాడికి పంట రుణం ఇవ్వని బ్యాంకే, అదే ఇంటి ఆడమనిషికి ఏ పాస్‌బుక్కూ అడక్కుండా అప్పు ఇస్తోంది. ప్రతి నెలా కిస్తీ కట్టించుకుంటోంది. హామీ అల్లా పక్కనున్న తొమ్మిదిమంది ఆడవాళ్ళు. నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం నడిపిన ఆడవాళ్ళు తొంభైలలో పొదుపు మొదలుపెట్టినప్పుడు దాన్ని ఎవరూ వ్యవసాయ పరపతి అనలేదు. కానీ నేను చూసినంత మటుకు డెల్టాలో కౌలు సేద్యాన్ని నిలబెడుతున్నది ఆ పొదుపే. దొంగచాటుగా జరుగుతున్న ఈ పనిని రాజమార్గంలో పెట్టమనే నేనంటున్నది.

ఎలా అంటే, ఏటా ఖరీఫ్ నాట్లు అయ్యాక, ఊళ్ళో ఏ చేను ఎవరు చేస్తున్నారో జాబితా డ్వాక్రా సంఘాల గ్రామ సమాఖ్య ఆడవాళ్ళు రాయాలి. దాన్ని గ్రామసభలో గట్టిగా చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు అక్కడే చెప్పాలి. భూయజమానికి తెలియజేయాలి గానీ, అనుమతి అడగకూడదు. ఆ జాబితా సీజన్‌తోనే చెల్లిపోవాలి. ఏ కోర్టులోనూ, ఏ రెవెన్యూ ఆఫీసులోనూ భూమి హక్కుకి అది సాక్ష్యంగా పనికిరాదని చట్టంలో రాయడమే కాదు, పాస్‌బుక్ మొదటి పేజీ మీదే అచ్చు వెయ్యాలి. నాన్న దగ్గర ఈ మాటంటే, "నన్ను సంతకం అడక్కపోతే నాకేం అభ్యంతరం?" అన్నాడు. భయపడేది సంతకానికే. తను చెయ్యి పెట్టని కాగితం తన మెడకి చుట్టుకోదని ఆయన నమ్మకం.

ఇది ఎక్కడా జరగని వింతేమీ కాదు. కేరళ భూసంస్కరణల చట్టం కౌలునే నిషేధించింది. అయినా అక్కడ కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల ఆడవాళ్ళు గ్రూపులుగా చేరి, ఊళ్ళో ఖాళీగా ఉన్న భూములు కౌలుకి తీసుకుని వరీ కూరగాయలూ పండిస్తున్నారు. గ్రూపు పేరు మీదే బ్యాంకు అప్పు, ప్రభుత్వ ప్రోత్సాహకం అందుతున్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు కూడా గుంపుగా భూములు కౌలుకి పట్టి జొన్నలు, పప్పుధాన్యాలు కలిపి పండించి చూపించారు. వాళ్ళ విజయాలను మనం చిరుధాన్యాల గురించి మాట్లాడేటప్పుడే తలుచుకుంటాం. ఒంటరి కౌలుదారు అడగలేనిది సంఘం అడగగలదన్న సంగతి అంతగా తలుచుకోం.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. సంతకం లేకుండా నమోదు చేస్తే ఆసాములు పొలాలు బీడు పెట్టేస్తారంటారు. డెల్టాలో మాగాణి రెండేళ్ళు వదిలేస్తే తుమ్మ లేస్తుంది, తవ్వించడానికి అయ్యే ఖర్చు ఆసాములకి బాగా తెలుసు. ఎకరానికి పదిహేను బస్తాలు వదులుకునేవాళ్ళు ఎంతమంది? దొంగ పేర్లు ఎక్కుతాయంటారు. ఎక్కుతాయి, ఇప్పుడున్న జాబితాలో మాత్రం నాటు వెయ్యని మా నాన్న పేరు లేదా? కులం, పార్టీ చూసి పేర్లు రాస్తారన్న భయం ఒక్కటే నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది. దానికి గ్రామసభలో బయటికి చదవడం తప్ప వేరే మందు నాకు తోచలేదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. కౌలుదారు చేతిలో నాలుగు డబ్బులు పడితే ఆసామి మక్తా పెంచేస్తాడు. నిజం. ఎకరానికి ఇంత అని నగదు కౌలుదారుకి ఇస్తే, వచ్చే ఏడు మక్తా పదిహేడు బస్తాలవుతుంది. అందుకే నేను పట్టాదారు నగదు తీసి కౌలుదారుకి ఇమ్మని అడగడం లేదు. ఏ ప్రభుత్వమూ ఆ పని చెయ్యదు, ఆసాముల ఓట్లు అంత తేలిక కాదు. పంటతో పాటు వచ్చేవి నాలుగున్నాయి, అవి పంట వేసినవాడికి ఇవ్వండి చాలు. తక్కువ వడ్డీ పంట రుణం, పంట బీమా, పంట పోతే పరిహారం, పంట అమ్మిన డబ్బు. పరిహారం తుపాను వచ్చినప్పుడే వస్తుంది, జూన్‌లో మక్తా మాట్లాడుకునేటప్పుడు దాన్ని ముందే లెక్కేసి గుంజుకోవడం ఆసామికి అంత సులువు కాదు. తక్కువ వడ్డీ వల్ల మిగిలిన దాంట్లో కొంత మక్తాలోకి పోవచ్చు. ఎకరానికి 2,500లో సగం పోయినా, 875 దగ్గర నిలబడ్డవాడికి మిగతా సగం చిన్న మొత్తం కాదు.

ఈ నాలుగింటిలో రుణానికి బ్యాంకులు కదలాలి, బీమాకి కేంద్రం కదలాలి, పరిహారానికి నిబంధనలు మారాలి. ధాన్యం డబ్బుకి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. ఇప్పుడు కొనుగోలు డబ్బు ఈ-పంటలో ఉన్న పేరుకి జమ అవుతుంది. మా ఊళ్ళో చాలామంది కౌలుదారులు తాము అమ్మిన ధాన్యం డబ్బు కోసం ఆసామికి ఫోన్ చేసి, "అయ్యా, మీ ఖాతాలో పడిందేమో చూస్తారా?" అని అడగాల్సి వస్తోంది. కొందరు ఆసాములు మక్తా పట్టుకుని మిగతాది పంపుతారు, కొందరు పాత బాకీ కూడా పట్టుకుంటారు, ఒకరిద్దరు మర్చిపోతారు. ధాన్యం తెచ్చి తూకం దగ్గర నిలబడ్డ మనిషి వేలిముద్రే తీసుకుని, అతని ఖాతాలోనే డబ్బు వెయ్యమని ఒక్క ఉత్తర్వు ఇస్తే వచ్చే సార్వా కోతల నుంచే అది మొదలుపెట్టొచ్చు. మక్తా బస్తాలు ఆసామికి ఎటూ కళ్ళంలోనే కొలుస్తున్నారు.